వీలునామా లేని వేదనిలయం

మన సినిమాల్లో ఓ సీను మీరంతా చూసే వుంటారు. జమీందారుగారు పోతారు. నల్లకోటు లాయరు కళ్ళజోడు సవరించుకుని వీలునామా చదువుతాడు. విలన్ మొహం మాడిపోతుంది. ఆ పైన శుభం!

మరి వీలునామాయే లేకపోతే? తెర మీద కాదు, ఒక తార ఇంటి విషయంలో నిజంగానే ఆ కథ నడిచింది. ఆ తార జయలలిత.

‘మనుషులు మమతలు’ (1965), ‘గూఢచారి 116’ (1966) చూసినవాళ్ళకి ఆమె మన హీరోయినే. చెన్నై పోయెస్ గార్డెన్‌లో ఇల్లు 1967లో వాళ్ళమ్మ సంధ్య కొన్నది. సంధ్య ఎవరనుకున్నారు? ‘మాయాబజార్’లో రుక్మిణి! ఆవిడ అసలు పేరు వేదవల్లి. ఆ ఇల్లు ‘వేదనిలయం’.

2016 డిసెంబరు 5న జయలలిత కన్నుమూశారు. పెళ్ళి చేసుకోలేదు. వీలునామా రాయలేదు. ఇక చూస్కోండి!

బెంగుళూరు నుంచి ఒక యువతి ‘నేను ఆమె కూతుర్ని’ అంటూ మద్రాసు హైకోర్టుకెక్కింది. తాను పుట్టింది 1980 ఆగస్టులో అంది. ప్రభుత్వ లాయరు ఏం చేశాడో తెలుసా? అదే యేడు ఫిలింఫేర్ సభలో జయలలిత కనిపించిన వీడియో తెచ్చి పెట్టాడు. పురుడు నెల రోజుల్లో వున్న మనిషిలా వుందా చూడండి అన్నాడు. 2018లో కేసు కొట్టేశారు. సినిమా ఫంక్షను కూడా ఒకరోజు సాక్ష్యం చెబుతుందని నేననుకోలేదు!

సరే, మరి వారసులెవరు? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీ ఆస్తికి ఒక వరుస పెట్టింది. ముందు భర్త, పిల్లలు. తర్వాత భర్త వారసులు. ఆ తర్వాత తల్లిదండ్రులు. వాళ్ళూ లేకపోతే తండ్రి వారసులు. జయలలితకి చిన్నతనంలోనే తండ్రి పోయారు, 1971లో తల్లి పోయారు. అన్న జయకుమార్ 1995లో పోయారు. మిగిలింది ఆయన పిల్లలు దీప, దీపక్.

ఆస్తి నిర్వహణ మాకప్పగించండని వేరేవాళ్ళు కూడా కోర్టుకొచ్చారు. 2020 మే 27న హైకోర్టు ఆ ఇద్దర్నే వారసులంది. అయినా తాళాలు చేతికి రాలేదు! స్మారక భవనం చేస్తామని ప్రభుత్వం ఇల్లు తీసుకుంది. 2021 నవంబరులో కోర్టు అదీ రద్దు చేశాక, డిసెంబరు 10న తాళాలందాయి. మేనత్త ఇంట్లో అడుగుపెట్టడానికి అయిదేళ్ళు!

నాకొక్కటే అనిపిస్తుంది. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. తెల్లకాగితం, సంతకం, ఇద్దరు సాక్షులు చాలు. లక్షలమందికి ఆటోగ్రాఫులిచ్చిన చెయ్యి ఆ ఒక్క సంతకం పెట్టలేదు. ఈ ఆదివారం మ్యాట్నీ నుంచి వచ్చాక, మీ ఇంట్లో పెద్దవాళ్ళని మెల్లిగా అడిగి చూడండి. తిడితే నా పేరు చెప్పండి!