అతుకు నిలిచిన విధము

తూర్పుకనుమలనుండి దిగివచ్చిన శారదానది రైవాడ జలాశయమున కొంత నిలిచి, విశాఖపట్టణమునకు త్రాగునీరును, పరిసరముల పొలములకు సాగునీరును ఒసగి సాగిపోవు చోట దేవరాపల్లి యున్నది. ఆ యూరి బజారులో మోటారు పంపులు బాగుచేయు నొక చిన్న దుకాణమున, వానకాలపు మధ్యాహ్నమొకటి నేను కూర్చుండి యుండగా, ఒక చెఱకు రైతు పగిలిన పంపుతొడుగును గోనెసంచిలో చుట్టి తెచ్చి మిస్త్రీ ముందు పెట్టెను. పోతయినుముతో చేసిన యా తొడుగుమీద జానెడు పగులు. ఆ పగులుమీద రైతు తన చేతనే పూసికొనిన ఎపాక్సీ మందు. పంపు త్రిప్పిన మొదటి గంటలోనే ఆ పూత యంతయు ఎండిన అరటిపట్టవలె ఒక్క పెచ్చుగా లేచి వచ్చినదట. నకిలీ సరకు అంటగట్టినారని రైతు దుఃఖము.

మిస్త్రీ యా పెచ్చును తలక్రిందులు చేసి వెలుతురున పట్టి చూపెను. అడుగున తుప్పు ఎఱ్ఱగా అంటియున్నది. దానిపై నూనె మెఱుపు. "మందు మంచిదే మావా. ఇనుముకేటి అంటింది? జిడ్డుకంటింది. జిడ్డు ఊడింది, దాంతో అదీ ఊడిపోనాది," అని అతడు రైతు సంచిలో మిగిలియున్న ఆ మందు గొట్టములు రెండింటినే తీసి ప్రక్కన పెట్టుకొనెను. ఒకే మందు మొదటిసారి విఫలమై రెండవసారి నిలిచిన ఆ వృత్తాంతమునందే ఎపాక్సీ శాస్త్రసారమంతయు ఇమిడియున్నదని నాకు తోచినది. అతుకు యొక్క బలము గొట్టములో అమ్ముడుపోవు వస్తువు కాదు; అది అతికించువాని చేతిలో పుట్టునది.

అంటించు విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఈ అనకాపల్లి జిల్లాలోనే యున్న ఏటికొప్పాకలో బొమ్మలు చేయువారు తరిణెపై తిరుగుచున్న అంకుడు కఱ్ఱకు లక్కకడ్డీని ఒత్తి పట్టెదరు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి, కఱ్ఱలోని సన్నని రంధ్రములలోనికి ప్రాకి, చల్లారి గట్టిపడి, కఱ్ఱను విడువని రంగుపూత యగును. కరగుట, ప్రాకుట, గట్టిపడుట అను ఈ మూడు మెట్లే పెక్కు జిగురులకును జీవితక్రమము. అయితే పురుగు స్రవించిన లక్క మరల వేడి తగిలినచో మరల కరగిపోవును. ఒకసారి గట్టిపడిన పిమ్మట మరల కరగని అంటుద్రవ్యమును నిర్మింపవలెనను కోరిక ఇరువదవ శతాబ్దపు రసాయనశాస్త్రమున ఫలించినది.

ఆ ఫలమునకు బీజము ఒక చిన్న త్రిభుజము. రెండు కార్బన్ పరమాణువులును ఒక ఆక్సిజన్ పరమాణువును చేయి చేయి కలిపి ముక్కోణపు వలయముగా నేర్పడినచో దానిని ఎపాక్సైడు వలయ మందురు. కార్బన్ బంధములు సహజముగా 109 డిగ్రీల కోణమున విచ్చుకొని యుండగోరును. ఈ వలయమున వానిని 60 డిగ్రీలకు వంచి బంధించినందున, వంచిన వెదురుబద్దవలె అవి ఎల్లప్పుడును విప్పుకొనుటకు త్వరపడుచుండును. 1909లో రష్యా రసాయనజ్ఞుడు నికొలాయ్ ప్రిలెజాయెవ్ ఇట్టి వలయములను పెరాక్సీ ఆమ్లముల సాయమున తయారుచేయు మార్గము కనుగొనెను. 1934లో జర్మనీలో పౌల్ ష్లాక్ ఈ వలయములు గల పదార్థములను అమీనులతో కలిపి గట్టిపరచు పద్ధతికి పేటెంటు కోరెను.

అయినను ఈ పదార్థపు లోకప్రసిద్ధికి దారి తెరచినది, ఆశ్చర్యకరముగా, దంతవైద్యము. స్విట్జర్లాండులో కృత్రిమదంతముల సామగ్రి చేయు ద త్రే సంస్థయందు పనిచేయుచుండిన పియర్ కాస్టాన్, దంతపీఠములకు తగిన పదార్థమును వెదకుచు, 1930ల నడుమ బిస్ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్ అను రెండింటిని కలిపి తేనెరంగు రెజినును సాధించెను. అది దంతవైద్యమున వ్యాపారముగా నిలువలేదు. దాని హక్కులను పొందిన సీబా సంస్థ మాత్రము అది లోహమును విడువకుండ పట్టుకొను గుణమును గుర్తించి, 1946లో బాసెల్ నగరపు పరిశ్రమల ప్రదర్శనమున దానిని అంటుద్రవ్యముగా లోకమునకు పరిచయము చేసెను. అరాల్డైట్ అను పేరుతో అది నేడు మన పల్లెల హార్డ్‌వేర్ దుకాణములవఱకు చేరియున్నది. ఇంచుమించు అదే కాలమున అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ కూడ ఇట్టి రెజినులను రూపొందించెను.

అంతకుముందున్న ఫినాలు జిగురులు గట్టిపడునపుడు నీటిఆవిరిని విడుచుచుండుటవలన వానిని తీవ్రమైన ఒత్తిడిలో నొక్కి యుంచవలసివచ్చెడిది. ఎపాక్సీ గట్టిపడునపుడు ఏమియు విడువదు. రెజినులోని త్రిభుజములు విప్పుకొని, గట్టిపరచు ద్రవ్యమగు హార్డెనరు అణువులతో ముడిపడి, అన్ని దిక్కులకు వ్యాపించిన వలగా మారును. అందుచేతనే అది తక్కువగా కుంచించుకొనును, తేలికపాటి అదుముతోనే అంటుకొనును. చక్కగా సిద్ధపరచిన రెండు లోహపు పట్టీలను ఒకదానిపై నొకటి ఆనించి అతికినచో, ప్రక్కలకు జరుపు బలమును చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల భారమువఱకు తాళగలవు. ఆ "చక్కగా సిద్ధపరచిన" అను మాటలోనే మర్మమున్నది. మిస్త్రీ చేసిన ప్రతి పనియు ఆ మాటకు వ్యాఖ్యానము.

మొట్టమొదట అతడు పగులు రెండు కొనలయందును సన్నని రంధ్రములు దొలిచెను. కొన మొనదేలి యున్నంతవఱకు బలమంతయు అచ్చట కేంద్రీకరించి పగులు ముందుకు ప్రాకును. గుండ్రని రంధ్రము ఆ బలమును పంచి ఆపును. పిదప పగులు పొడవునను V ఆకారమున గాడి తీసి, చుట్టును గ్రైండరుతో తుప్పు పోవునంతవఱకు గీకి, థిన్నరుతో కడిగి, సన్నని మంటపై వేడిచేసెను. వేడి తగులగానే, శుభ్రమని నేననుకొనిన ఇనుమునుండి నూనె చెమటవలె చిమ్మెను. పోతయినుములోని గ్రాఫైటు పొరలు ఏండ్ల తరబడి నూనెను పీల్చి దాచుకొనునట. మరల తుడిచి, మరల వేడిచేసి, తెల్లగుడ్డపై మరక పడనంతవఱకు అతడు విడువలేదు.

ఈ శ్రమకు శాస్త్రకారణము స్పష్టము. జిగురు ఒక తలమును పట్టుకొనవలెనన్న మొదట దానిమీద పరచుకొనవలెను. తామరాకుపై నీటిబొట్టు ముత్యమై దొర్లును. ఆకు దానిని పిలువదు. ప్రతి తలమునకును పరులను ఆకర్షించు శక్తి యొకటి కలదు. పాలిథీనునకు ఆ శక్తి చదరపు మీటరుకు సుమారు 31 మిల్లీజౌళ్లు, టెఫ్లానునకు 18, ఎపాక్సీ ద్రవమున కది 40కి పైమాటయే. తనకంటె తక్కువ ఆకర్షణ గల తలముపై ద్రవము ముడుచుకొనును గాని వ్యాపింపదు. శుభ్రమైన లోహమున కా శక్తి వందలలో నుండును. కాని ఒక్క పలుచని నూనెపొర దానిని పాలిథీను స్థితికి దిగజార్చును. అనగా రైతు అతికించినది ఇనుమును కాదు, నూనెను. గరుకుచేయుటవలన తలవిస్తీర్ణము పెరుగుటయే గాక, నిన్నటి దుర్బలమైన తుప్పు పోయి నేటి క్రొత్త లోహము బయటపడును.

తరువాత అతడు పగిలిన పెంకుముక్కపై రెజిను, హార్డెనరు గల రెండు గొట్టములనుండి సమానమైన రెండు తీగలను పిండి, రెండు రంగులు ఒక రంగగువఱకు, నిమిషములకొలది, అగ్గిపుల్లతో కలిపెను. "ఇది సున్నం కాదు మావా, ఎక్కువేస్తే గట్టిపడతాదనుకోడానికి," అనెను. పెరుగు తోడుకొనుటకు చెంచాడు చాలును, అధికమైనను పులుపే తప్ప నష్టము లేదు. ఎపాక్సీ అట్లు కాదు. ఇచ్చట ప్రతి త్రిభుజమునకును ఒక జత కావలెను. హార్డెనరు మిగిలినను, రెజిను మిగిలినను, ఆ జతలేని అణువులు వలలో తెగిన దారములై, అతుకును మెత్తన చేయును. రైతు "త్వరగా గట్టిపడునని" హార్డెనరును ఒకటికి రెండుగా పిండినానని ఒప్పుకొనెను.

గాలిలో తడియు, కాలమును ఇంకను మిగిలియున్నవి. వానదినమున తలముపై కనబడని తేమ చేరును; హార్డెనరులోని అమీనులు గాలిలోని కార్బన్ డయాక్సైడుతోను, ఆ తేమతోను కలిసి జిడ్డుపొరగా తేలును. కావున మిస్త్రీ తొడుగును వెచ్చగనే యుంచి మందు పూసెను. పూత మరీ మందముగా పూయలేదు: రెండు లోహములనడుమ నిలిచిన జిగురుపొర పదింట ఒక వంతు మిల్లీమీటరునుండి రెండు వంతులవఱకు నున్నపుడు అతుకు మేలిదై యుండును, అంతకన్న మందమైనచో లోపములు, పలుచనైనచో జిగురు లేని వెలితులు. పైన ఇనుపరేకు ముక్క నొకటి పరచి అదిమెను. ప్రక్కలకు జరుపు బలము అతుకునంతటిని ఒకేసారి పనిచేయించును. పెచ్చు లేపు బలము ఒక్క అంచుపైననే మొత్తము భారమును మోపును. కాబట్టి వెడల్పైన పట్టీ అవసరము.

"ఎప్పుడు నడపొచ్చు?" అని రైతు అడిగినపుడు అతడు, "రేపు సాయంత్రం. ఈ రాత్రి బల్బు కింద పెడతా," అనెను. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినకొలది గట్టిపడు వేగము ఇంచుమించు రెట్టింపగును. వెచ్చని చోట వల మరింత సంపూర్ణముగా అల్లుకొనును. చేతికి గట్టిగా తగులుట ఒకటి, పూర్తి బలము చేకూరుట వేరొకటి. మొదటిసారి రైతు గంటకే పంపు త్రిప్పెను.

ఈ చిన్న దుకాణపు నియమములను ఉల్లంఘించిన చోట గొప్ప యంత్రములును కూలినవి. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో అలోహా సంస్థకు చెందిన బోయింగ్ 737 విమానము 24,000 అడుగుల యెత్తున ఎగురుచుండగా, ముందుభాగపు పైకప్పు దాదాపు 18 అడుగుల మేర ఎగిరిపోయి, విమానసేవిక ఒకరు మరణించిరి. రేకుల అంచులను అతికిన ఎపాక్సీ పట్టీ తేమవలనను, తలము సరిగా సిద్ధపడనందునను పట్టువిడువగా, భారమంతయు రివెట్లపై పడి, ఆ రంధ్రములనుండి పగుళ్లు పుట్టి ప్రాకినవి. 2006 జులై 10న బోస్టన్ నగరపు సొరంగమార్గమున సుమారు 26 టన్నుల కాంక్రీటు పైకప్పు కూలి ఒకరు చనిపోయిరి. బరువును నిరంతరము మోయుటకు తగని, త్వరగా గట్టిపడు ఎపాక్సీ వాడినందున, బోల్టులు దినదినమునకు వెంట్రుకవాసిగా జారివచ్చినవని విచారణ తేల్చినది. ఒక్క దినము భారమును తాళుట బలము. ఏండ్లపాటు తాళుట వేరొక పరీక్ష.

శ్రద్ధ వహించిన చోట ఫలము ఎట్లుండునో చూపుటకు మన దేశమున తేజస్ యుద్ధవిమాన మున్నది. బరంపురమున జన్మించిన డాక్టర్ కోట హరినారాయణ ఆధ్వర్యమున రూపొందిన ఆ విమానము 2001 జనవరి 4న తొలిసారి ఎగిరెను. కార్బను నారలను ఎపాక్సీలో పొదిగి, రెక్కలోని పలు భాగములను కలిపి గట్టిపరచి, విమానపు చట్రము బరువులో దాదాపు 45 శాతమును అట్టి సంయుక్తపదార్థములతో నింపిరి. ప్రతి భాగముతోపాటు అదే మందుతో, అదే పూట, చిన్న మచ్చుముక్కలను అతికించి విఱిచి చూచుట విమానశాలలలో ఆచారము.

మిస్త్రీయు అదే పని చేసియుండెను. మిగిలిన మందుతో రెండు ఇనుపపట్టీ ముక్కలను అతికించి తొడుగు ప్రక్కనే బల్బు క్రింద పెట్టెను. మరునాటి సాయంత్రము నేను వెళ్లినపుడు వానిని బిగిపట్టులో బిగించి సుత్తితో మూడు దెబ్బలు వేసెను. నాలుగవ దెబ్బకు అవి విడిపోయినవి. రెండు ముక్కలను నా అరచేతిలో పెట్టెను. నిన్నటి పెచ్చు అడుగున ఇనుము జాడ లేదు, నూనెయే కలదు. ఈ ముక్కలలో మాత్రము రెండింటిమీదను మందు సగము సగముగా నిలిచియున్నది. అది తన శరీరమున తాను చీలినదే గాని ఇనుమును విడువలేదు. "ఇప్పుడు నడపొచ్చు," అని అతడు తొడుగును రైతు చేతికిచ్చెను.