ఒక్క నొప్పి బిళ్ళకు ఇన్ని ప్రశ్నలెందుకు?



బొల్లాపల్లి, వినుకొండ వైపు నుండి వచ్చే పెద్దవాళ్ళను “ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారమ్మా?” అని అడిగితే చాలామంది నోటితో చెప్పరు. సంచిలో నుండి బిళ్ళలు తీసి బల్ల మీద పోస్తారు. సగం కత్తిరించిన షీట్లు, పేరు లేని తెల్ల బిళ్ళలు, కాగితం పొట్లాలు. “ఇది బి.పి.ది, అది షుగరుది, ఇదేమో నొప్పులకు సిస్టరమ్మా” అంటారు. ఆ మూడోదాని దగ్గర మా సిస్టర్లు ఆగిపోతారు. రోజుకెన్ని వేసుకుంటున్నారు? ఎన్నాళ్ళ నుండి? ఎవరు రాశారు? తిన్నాకా, పరగడుపునా? “ఒక్క బిళ్ళకు ఇంత విచారణా?” అని కొందరు విసుక్కుంటారు కూడా. ఆ విచారణ ఎందుకో ఈసారి వివరంగా చెప్పాలనుకున్నాము.

నొప్పులు మన ప్రాంతంలో ఊరికే రాలేదు. బొల్లాపల్లి మండలంలో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మెడ, నడుము, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. ఈ జబ్బును మన దేశంలో మొదట 1937లో నెల్లూరు జిల్లాలోనే గుర్తించి లోకానికి తెలియజేశారు. దానికి తోడు మిరపకోతల్లో పొద్దస్తమానం నడుము వంచిన పని. కాబట్టి నొప్పి నిజమే, బిళ్ళ వేసుకున్న గంటకు తగ్గేదీ నిజమే. కానీ ఎముకలో చేరిన ఫ్లోరైడును ఏ నొప్పి బిళ్ళా బయటికి తీయలేదు. నీళ్ళు కాచినా ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైపోయి మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. అసలు వైద్యం తాగే నీటిని మార్చుకోవడం. ఈ మాట చెబితే “నీళ్ళ సంగతి తర్వాత, ముందు బిళ్ళ ఇవ్వండి” అంటారు. వారి బాధ మాకు తెలుసు.

ఇక బిళ్ళ మింగాక ఏమవుతుందో చూద్దాము. మోకాలు నొప్పికి వేసుకున్న బిళ్ళ నేరుగా మోకాలికి పోదు. కడుపులో కరిగి, పేగు నుండి రక్తంలో కలిసి, కాలేయం గుండా ఒళ్ళంతా తిరుగుతుంది. ఎక్కువ మందులను కాలేయం విరుస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. ఈ రెండిటిలో ఏది బలహీనంగా ఉన్నా మందు ఒంట్లో పేరుకుపోవచ్చు. అరవై దాటినవారికి, సన్నగా ఉన్నవారికి మోతాదు తగ్గించేది ఇందుకే.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ వంటి బిళ్ళలు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను ఒంట్లో తయారు కానివ్వవు. నొప్పినీ వాపునూ పెంచేవి అవే. అయితే కడుపు లోపలి పొరను పుండు పడకుండా కాచేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం పోయే నాళాన్ని తెరిచి ఉంచేవీ అవే. నొప్పిని ఆపే బిళ్ళ ఈ కాపలాను కూడా ఆపేస్తుంది.

ఉదాహరణకు ఒక అమ్మను అనుకోండి. వయసు 60 దాటింది. బి.పి.కి టెల్మిసార్టానో ఎనలాప్రిలో వాడుతోంది, కాళ్ళ వాపులకు నీరు పోయే బిళ్ళ కూడా ఉంది. ఏప్రిల్ ఎండలో చేనుకు పోయింది, నీళ్ళు సరిగా తాగలేదు, సాయంత్రం నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంది. ఆ మూడు మందుల్లో ఏదీ చెడ్డది కాదు. మూడూ కలిసి, పైన ఎండ కూడా తోడైతే కొద్ది రోజుల్లోనే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. తొందరగా కనిపెట్టి బిళ్ళ ఆపితే చాలామందికి తిరిగి కోలుకునే వీలుంది. నెలల తరబడి అలాగే సాగితే ఆ వీలు తగ్గిపోతుంది.

పాఠకులకు ఒక విషయం ఆశ్చర్యం కలిగించవచ్చు. మన పల్లెల్లో రాబందులు కనబడకుండా పోవడానికి ముఖ్య కారణం ఈ డైక్లోఫెనాకే. పశువులకు ఈ సూది వేస్తే, చచ్చిన ఆ పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి రాలిపోయాయి. అందుకే 2006లో పశువులకు ఈ మందు వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. మనిషి ఒళ్ళు రాబందు ఒళ్ళంత సున్నితం కాదనుకోండి.

కాగితం పొట్లాల సంగతి వేరు. పేరు లేని బిళ్ళ ఒక్కరోజులో నొప్పులన్నీ మాయం చేసి, ఆకలి పెంచి, ముఖం గుండ్రంగా ఉబ్బేలా చేస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని మేము అనుమానిస్తాము. అది షుగరును, బి.పి.ని పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. భయపడి ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. చాలాకాలం వాడితే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుంటుంది. డాక్టరుగారు క్రమంగా తగ్గించాలి.

“మీరే రాసివ్వొచ్చు కదా సిస్టర్” అని కొందరు అడుగుతారు. అమెరికాలో 1965 నుండి నర్స్ ప్రాక్టీషనర్ల చదువు ఉంది, అక్కడ వారు మందులు రాస్తారు. మన దేశంలో నర్సు తన ఇష్టప్రకారం రాయడానికి లేదు. మన రాష్ట్రంలో ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉండే ఎం.ఎల్.హెచ్.పి. నర్సింగ్ చదివినవారే. నిర్ణయించిన జాబితాలోని మందులు ఇస్తారు, డాక్టరు రాసిన బి.పి., షుగరు మందులు కొనసాగిస్తారు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కూడా ఇలాంటివారికి పరిమిత లైసెన్సుకు చోటిచ్చింది. ఎవరు రాసినా అడగవలసిన ప్రశ్నలు ఒకటే. జబ్బేమిటి, ఈ మందుతో ఏం సాధించాలి, ఈ మనిషికి ఇది సరిపడుతుందా, ఎప్పుడు ఆపాలి? చాలా చీటీల్లో లేనిది ఈ చివరిదే.

పిల్లల విషయంలో లెక్క ఇంకా గట్టిది. జ్వరానికి పారాసిటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 150. సీసా మీద 5 మి.లీ.కు 125 అని ఉంటే 6 మి.లీ. పోయాలి, 250 అని ఉంటే 3 మి.లీ. చాలు. చుక్కల మందులో 1 మి.లీ.కే 100 ఉంటే ఒకటిన్నర మి.లీ. సీసా మారినప్పుడు పాత లెక్కతో పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు. ఇంట్లో చెంచాతో కాదు, మూతకున్న కొలతతో పోయండి.

పారాసిటమాల్ మూత్రపిండాలకు నెమ్మదైనదే. పెద్దవారికైనా రోజుకు 4 గ్రాములు దాటితే మాత్రం కాలేయానికి ముప్పు. మద్యం తాగేవారికి, బక్కపలచగా ఉన్నవారికి అంత కూడా పనికిరాదు. జలుబు బిళ్ళల్లో, కొన్ని నొప్పి బిళ్ళల్లో ఇది కలిసే ఉంటుంది, షీటు మీద చూసుకోండి.

ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లోని బిళ్ళలన్నీ షీట్లతో సహా తీసుకురండి. పేరున్న వైపు కత్తిరించకండి. నొప్పి బిళ్ళలు వాడుతుండగా మూత్రం తగ్గినా, ముఖం, కాళ్ళు ఉబ్బినా, మలం తారులా నల్లగా వచ్చినా ఆ బిళ్ళ ఆపి అదే రోజు రండి. ఆదివారమైనా సరే.