సొలిసిటర్ అయ్యాక ఏమిటి?



మొన్న ఉగాది భోజనాల దగ్గర ఒక అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. "ఆంటీ, నేను సొలిసిటర్‌నయ్యి మూడేళ్లయింది. ఆఫీసులో అందరూ పార్ట్‌నర్ అవ్వడం గురించే మాట్లాడతారు. అది తప్ప వేరే దారి లేదా?" అని అడిగింది. విస్తరి ముందు కూర్చుని చెప్పే విషయం కాదు కాబట్టి, రేడియోలో చెబుతాలే అన్నాను. ఆ మాట ఇవాళ నిలబెట్టుకుంటున్నాను. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్ సంగతి మాత్రమే. స్కాట్లండ్ పద్ధతి వేరు.

నేను విశాఖపట్నంలో లా చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. అప్పట్లో మనలాంటి వాళ్లకి క్యూ.ఎల్.టి.టి. అనే పరీక్ష ఉండేది. ఆ తరవాత పద్ధతులు మారి, 2021 నుంచి ఎస్.క్యూ.ఇ. వచ్చింది. 2003లో నా పేరు సొలిసిటర్ల జాబితాలోకి ఎక్కిన రోజు అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశాను. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా!

అందరికీ తెలిసిన నిచ్చెన ఇది: అసోసియేట్, సీనియర్ అసోసియేట్, ఆ పైన పార్ట్‌నర్. పై మెట్టు ఎక్కాలంటే చట్టం తెలిస్తే చాలదు. ఎన్ని గంటల పనికి బిల్లు వేశారు, ఎంతమంది క్లయింట్లని తెచ్చారు అన్నది చూస్తారు. పార్ట్‌నర్లలోనూ రెండు రకాలు. జీతం తీసుకునే పార్ట్‌నర్‌కి హోదా ఉంటుంది కానీ లాభంలో వాటా ఉండకపోవచ్చు. ఈక్విటీ పార్ట్‌నర్ పెట్టుబడి పెట్టాలి, చాలామంది బ్యాంకులో అప్పు చేసి తెస్తారు. నెల జీతం బదులు లాభంలో వాటా వస్తుంది. టాక్సు డబ్బు ఎవరిది వాళ్లే పక్కన పెట్టుకోవాలి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. 2001 నుంచి ఎల్.ఎల్.పి. అనే ఏర్పాటు వచ్చింది. అందులో ఫర్ము అప్పులు మామూలుగా సభ్యుల సొంత ఆస్తి దాకా రావు. కానీ పాతకాలపు భాగస్వామ్యం అయితే 1890 నాటి చట్టం వర్తిస్తుంది. అందులో ఫర్ము అప్పు మీ అప్పే, మీ ఇంటిదాకా వస్తుంది. ఇంకోటి కూడా ఉంది. మీకు వాటా లేకపోయినా, మీరు పార్ట్‌నర్ అని పైకి చెప్పుకోనిస్తే, ఆ నమ్మకంతో అప్పు ఇచ్చినవాడు మిమ్మల్నీ అడగవచ్చు. అంటే లెటర్‌హెడ్ మీద పేరు ఉత్త అలంకారం కాదన్నమాట.

ఇది నేను పుస్తకంలో చదివి వదిలేసిన సంగతి కాదు. 2008లో ఇళ్ల అమ్మకాలు పడిపోయాయి. నేను పనిచేసే చిన్న ఫర్ముకి ఆ పనే ఆధారం. 2009లో నన్ను పిలిచి పార్ట్‌నర్‌ని చేస్తామన్నారు. జీతం కాస్త పెంచి, లెటర్‌హెడ్ మీద పేరు వేస్తారట. అమ్మ అప్పటికే వీధంతా చెప్పేసింది. నేను మూడేళ్ల లెక్కలు చూపించమన్నాను. "మా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నారు. రెండు వారాలు నిద్ర లేదు. చివరికి కాదన్నాను. ఆ తరవాత ఆఫీసులో నాతో సరిగ్గా మాట్లాడినవాళ్లు లేరు, నాలుగు నెలలకి మానేశాను. నా బదులు ఇంకొకతను సంతకం పెట్టాడు. ఏడాదిన్నరకి ఫర్ము మూతపడింది. ఆఫీసు అద్దె బాకీకి, బ్యాంకు బాకీకి అతని ఇంటికే ఉత్తరాలు వచ్చాయి. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇల్లు. వాళ్లు ఆ బాకీలు తీర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. అతను నాకంటే తెలివితక్కువవాడేం కాదు. అడగడానికి మొహమాటపడ్డాడు, అంతే.

సరే, మరి వేరే దారులేమిటి?

మొదటిది ఇన్‌హౌస్ ఉద్యోగం. కంపెనీలు, కౌన్సిళ్లు, ప్రభుత్వ న్యాయ విభాగం, నేరాల కేసులు నడిపే క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్, ఇలా చాలా ఉన్నాయి. పని చేస్తున్న సొలిసిటర్లలో ఐదుగురిలో ఒకరికి పైగా ఇలాంటి చోట్లే ఉన్నారు. నేనూ ఒక కౌన్సిల్‌లో చేరాను. క్లయింట్ల వేట ఉండదు. కానీ పైన కుర్చీ ఒక్కటే ఉంటుంది, ఎదగాలంటే తరచు చోటు మారాల్సి వస్తుంది.

రెండోది కోర్టులో వాదించడం. మేజిస్ట్రేట్, కౌంటీ కోర్టుల్లో మనకి హక్కు ముందే ఉంది. క్రౌన్ కోర్టు, హైకోర్టు, ఆ పైకి వెళ్లాలంటే మరో పరీక్ష పాసవ్వాలి. ఆ దారిలో కింగ్స్ కౌన్సెల్ హోదాకి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

మూడోది చాలామందికి తట్టదు: జడ్జి కావడం. 2007 చట్టం ప్రకారం ట్రైబ్యునల్ జడ్జికి, డిస్ట్రిక్ట్ జడ్జికి ఐదేళ్ల అనుభవం, సర్క్యూట్ జడ్జికి ఏడేళ్లు ఉంటే అర్హత వస్తుంది. ముందు ఉద్యోగం చేసుకుంటూనే, ఏడాదిలో కొన్ని రోజులు కూర్చునే పదవులున్నాయి. కామన్వెల్త్ పౌరులు కూడా అర్హులే, అంటే భారత పాస్‌పోర్టు అడ్డు కాదు. లారెన్స్ కాలిన్స్ అనే సొలిసిటర్ 2000లో ప్రాక్టీసు నుంచి నేరుగా హైకోర్టు జడ్జి అయ్యారు, 2009లో సుప్రీంకోర్టుకి చేరారు.

నాలుగోది సొంత ఫర్ము. కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసిన లాయరు అందులో ఉండాలి. ఇన్సూరెన్సు కనీసం 20 లక్షల పౌండ్లకి, కంపెనీ లేదా ఎల్.ఎల్.పి. అయితే 30 లక్షలకి ఉండాలి. మూసేసినా ఇంకో ఆరేళ్లకి రక్షణ కావాలి, దాని ప్రీమియం మామూలు కన్నా చాలా ఎక్కువ. అందుకని తెరిచే రోజే మూసే ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

ఒక్క హెచ్చరిక. వీసా యజమాని స్పాన్సర్‌షిప్ మీద ఉన్నవాళ్లు, ఉద్యోగం మారే ముందు, ఉద్యోగి నుంచి పార్ట్‌నర్ అయ్యే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

ఆ అమ్మాయికి, ఆమెలాంటి వాళ్లకి నేను చెప్పేది ఇదే. పార్ట్‌నర్ కావద్దని కాదు, మంచి ఫర్ముల్లో అయి హాయిగా ఉన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఏ రకం పార్ట్‌నర్, ఏ రకం ఫర్ము, అప్పులెన్ని అని అడగండి. మనం క్లయింట్లకి రోజూ చెప్పేదేగా, చదవకుండా సంతకం పెట్టొద్దని. ఆ సలహా మనకీ వర్తిస్తుంది. లెక్కలు చూపించనిచోట సంతకం పెట్టకండి.

ఇక సెలవు. నమస్కారం.