సిమెంటు కొట్టులో కొత్త గుమాస్తా

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు సిమెంటు కొట్టు లెక్కలెందుకని పాఠకులు నవ్వవచ్చు. చిట్టా, ఆవర్జా కంప్యూటరులోకి ఎక్కిన వైనం చూడాలని నాకు కుతూహలం.

బెంగుళూరులో మిల్లులకు విడిభాగాలు సరఫరా చేసే శ్యామసుందర్ గోయెంకాకు తగిన లెక్కల సాధనం దొరకలేదు. గణితం చదివిన కుమారుడు భరత్ దానిని తయారుచేశాడు. 1986లో మొదలైన ఆ ప్రయత్నమే నేటి ‘టాలీ’.

మా రామకుప్పానికి కర్ణాటక, తమిళనాడు రెండూ చేరువే. సరుకు పొరుగు రాష్ట్రంనుంచి వస్తే జి.ఎస్.టి. ఒకే పద్దు, మన రాష్ట్రంలోదైతే రెండు సగాలు. సిమెంటుపై 28 శాతం పన్ను 2025 సెప్టెంబరు 22న 18 అయింది. కమ్మీలు టన్నుల్లో కొని విడిగా అమ్ముతారు. 12 మిల్లీమీటర్ల కమ్మి 12 మీటర్ల పొడవుకు సుమారు 10.7 కిలోలు తూగుతుంది. ఇవన్నీ మీట నొక్కితే తేలిపోతాయి.

అసలు చిక్కు అరువు. ఇల్లు సగంలో ఆగిన రైతు మరి పది బస్తాలు అడిగితే, పాతబాకీ ఎంతో యంత్రం చెబుతుంది. పట్టుగూళ్ళు అమ్ముడయ్యేదాకా ఆగవచ్చునా అన్నది యజమానే తేల్చాలి. అందుకతనికి నిజమైన అంకె కావాలి. సాయంత్రం దింపిన బస్తాలు ఆ సాయంత్రమే వ్రాయకపోతే, ఎంతటి గుమాస్తా అయినా చెప్పేది అబద్ధమే గదా!