పుసి కట్టిన పిల్లి కంటికి ఉప్పునీళ్ళు చాలా?

కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువు ఉందంటే గట్టుమీద మకాం ఉంటుంది. మకాంలో తవుడు బస్తాలు, వాటికోసం ఎలకలు, ఎలకల కోసం పిల్లులు. మా కొల్లేటివైపు పిల్లిని ముద్దుకోసం కాక పనికోసం పెంచేవాళ్ళే ఎక్కువ. దాని కంటికి జబ్బు చేస్తే డాక్టరు గుర్తుకురాడు, వంటిల్లు గుర్తుకొస్తుంది.

"చనుబాలు రెండు చుక్కలు వేయించవే, తగ్గిపోద్ది" అంటుంది మా పిన్ని. ఇంకొకరు నందివర్ధనం పూలరసం అంటారు, మరొకరు ఆముదం, పసుపునీళ్ళు. వీటిలో ఏదీ మా పిల్లుల కంట్లో పడనివ్వను. పాలు సూక్ష్మజీవులకు మంచి మేత. పసుపు నలుసులు పడితే పుండైన కన్ను ఇంకా రేగుతుంది.

ఇంట్లో నేను చేసేది ఒక్కటే, కడగడం. చెరువు నీళ్ళు కాదు, తాగడానికి కొనే టిన్ను నీళ్ళు అరలీటరు మరిగించి, ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుతాను. పిల్లిని పాత తువ్వాల్లో కాళ్ళతో సహా చుట్టి ఒళ్ళో పెట్టుకుంటాను. దూదైతే పోగులు కంట్లో చిక్కుకుంటాయి, గాజుగుడ్డ మేలు. తడిపి, మూసుకున్న రెప్పమీద కాసేపు ఆనించి ఉంచాలి. ఎండిన పుసిని గోటితో పీకితే వెంట్రుకలు, చర్మం కలిసి వస్తాయి. నానితే అదే జారుతుంది, అతుక్కున్న రెప్పలు విడి లోపలి చీము బయటికొస్తుంది. ముక్కువైపు నుంచి బయటికి తుడవాలి. ఒకసారి తుడిచిన గుడ్డ మళ్ళీ వాడకూడదు, రెండో కంటికి అసలే వద్దు. రోజుకు రెండు మూడుసార్లు చేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

దీంతో కన్ను శుభ్రపడుతుంది గానీ రోగం పోదు. కూనల్లో తుమ్ములతో వచ్చే కళ్ళకలకకు చాలాసార్లు పిల్లుల హెర్పిస్ వైరస్సే కారణం. ఒకసారి సోకితే సాధారణంగా జీవితాంతం ఒంట్లోనే దాక్కుని, పిల్లి బెదిరినప్పుడు, చోటు మారినప్పుడు తిరగబెడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళు కొల్లేటికి చేరినప్పుడు లంక ఊళ్ళ రోడ్లు మునిగాయి. అలాంటి రోజుల తరవాత పిల్లుల కళ్ళు గమనించుకోవాలి. క్లామిడియా అనే బ్యాక్టీరియా అయితే డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను వారాల తరబడి, కళ్ళు బాగుపడ్డాక కూడా వాడాలి.

కొన్నింటికి మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. ఒకే కన్ను బిగించి మూసుకోవడం, నల్లగుడ్డుమీద తెల్లటి లేదా నీలిరంగు మసక, ఇంకా కళ్ళు తెరవని కూనకు రెప్పల కింద ఉబ్బు. గోరు గీసుకున్నా పుండుపడినా ఇలాగే ఉంటుంది. డాక్టరు రంగుమందు వేసి చూస్తే పుండు తెలిసిపోతుంది. మనుషులకని కొన్న చుక్కలమందు మిగిలిందని వేసేవాళ్ళున్నారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఆ పుండు లోతుకు దిగి కన్నే పోవచ్చు. మా దగ్గర పశువుల ఆసుపత్రిలో కుదరకపోతే గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళమని చెబుతుంటాను.

తిండి సంగతి చాలామంది మరిచిపోతారు. ముక్కు మూసుకుపోయిన పిల్లికి వాసన తెలియదు, వాసన లేనిదే ముద్ద ముట్టదు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చేప, ముళ్ళు తీసి, వెచ్చగా ముక్కుదగ్గర పెట్టండి. రోజంతా ఏమీ తినలేదంటే కంటికోసం కాకపోయినా అందుకోసమైనా డాక్టరుకు చూపించాలి. పస్తున్న పిల్లికి కాలేయం త్వరగా దెబ్బతింటుంది.