బి.పి. మాత్ర వేసుకొనేవారి నడక – నాడి లెక్క

మన ట్రస్టు స్కాలర్‌షిప్పులు అందుకొనే పిల్లల ఇళ్ళల్లో తల్లికో తండ్రికో బి.పి. మాత్ర ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో రాసిచ్చిన చీటీ ఒకసారి తీసి చూడండి. అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి పేరుంటే అది బీటా బ్లాకర్. వీటిలో ప్రొప్రనొలాల్‌ను 1960లలో రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. నేను డాక్టరును కాను, బ్యాంకులో పద్దులు రాసినవాణ్ణి. అయినా ఇందులో లెక్క కామర్సు వారికీ అందేదే.

గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం పంపుతుంది. నిమిషానికి 70 సార్లంటే దాదాపు 5 లీటర్లు. పరుగెత్తితే కండరాలకు ఇంకా కావాలి. అప్పుడు అడ్రినలిన్ గుండెలోని బీటా గ్రాహకాలను తాకి వేగాన్ని, బలాన్ని పెంచుతుంది. ఆరోగ్యవంతుడైన యువకుడిలో ఆ 5 లీటర్లు 20 దాకా పోతాయి. బి.పి.లో పై అంకె కూడా పెరుగుతుంది, అది సహజమే.

బీటా బ్లాకర్ ఆ గ్రాహకాల దగ్గర ముందే చేరి కూర్చుంటుంది. అడ్రినలిన్ వచ్చినా దానికి చోటుండదు. కనుక వ్యాయామంలో నాడి, బి.పి. రెండూ మునుపటంత పెరగవు. గుండెకు శ్రమ తగ్గుతుంది, ఛాతీనొప్పి ఉన్నవారికి మేలు జరిగేది ఇందువల్లనే. వేగం తగ్గినందువల్ల గుండె నిండటానికి వ్యవధి దొరికి, ఒక్కో దెబ్బకు కాస్త ఎక్కువ రక్తం పోతుంది. అందుచేత మామూలు నడకకు ఇబ్బంది ఉండదు. తారాతారిణి కొండ మెట్లు గబగబా ఎక్కబోతే మాత్రం ముందే ఆయాసం వస్తుంది.

ఇక్కడే పొరపాటు జరిగేది. 220లోంచి వయసు తీసేసి నాడి లక్ష్యం కట్టే లెక్క వీరికి పనికిరాదు. కొడుకు కొనిచ్చిన వాచీలో అంకె పెరగడం లేదని తండ్రి నడక వేగం పెంచకూడదు. నడుస్తూ మాట్లాడగలిగితే చాలు. ఆగేటప్పుడు నెమ్మదిగా ఆగాలి, లేకపోతే కళ్ళు తిరగవచ్చు. షుగరు మందులు వాడేవారిలో షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించాలి.

నీరసంగా ఉందనో, బి.పి. దిగిందనో మాత్ర హఠాత్తుగా మానడం అన్నిటికన్నా ప్రమాదం. మందు వాడినన్నాళ్ళూ గ్రాహకాల సంఖ్య పెరిగి ఉంటుంది. అడ్డు తీసేసరికి అడ్రినలిన్ వాటిమీద ఒక్కసారిగా పనిచేస్తుంది. గుండెజబ్బు ఉన్నవారికి గుండెపోటు కూడా రావచ్చు. మోతాదును డాక్టరే క్రమంగా తగ్గించాలి.

విద్యార్థులకు ఒక మాట. చేతివణుకు తగ్గిస్తుందని షూటింగ్ క్రీడలో ఈ మందును నిషేధించారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు ప్రొప్రనొలాల్ వల్లనే రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. అది విని, అగ్నివీర్ 1.6 కిలోమీటర్ల పరుగుకు ముందు భయం పోతుందని నాన్నగారి మాత్ర మింగితే, గుండె పరుగెత్తవలసిన వేళ దానికి కళ్ళెం వేసినట్టే. ఉబ్బసం ఉన్న కుర్రవాడికైతే ఊపిరే అందకపోవచ్చు.