పాత కంప్యూటర్ కొన్నారా? లాక్ తీసే ముందు ఇది చదవండి

తిరుపతి: పోయిన ఏడాది చిత్తూరులో ఓ సెకండ్ హ్యాండ్ షాపులో 1,800 రూపాయలకు పాత డెస్క్‌టాప్ ఒకటి కొన్నాను. విండోస్ ఎక్స్‌పీ మిషన్. ఇంట్లో ఉన్న పాత ఇన్‌పేజ్ ఉర్దూ ఫైళ్లు తెరవడానికి పనికొస్తుందని తీసుకున్నా. తీరా ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడిగింది. షాపాయనకు ఫోన్ చేస్తే, "ఏముంది భాయ్, బ్యాటరీ పీకి ఫార్మాట్ కొట్టేయండి" అన్నాడు. అందులో సగం మాటే పనికొచ్చింది. మిగతా సగం కూడా విని ఉంటే ఒక పెద్దాయనకు తీరని నష్టం జరిగేది.

ముందు బిల్లు, తర్వాత స్క్రూడ్రైవర్

లాక్ ఉన్న మిషన్ కొంటే ముందు రసీదు అడగండి. తెల్ల కాగితమైనా సరే, తేదీ, ధర, సీరియల్ నంబరు, అమ్మినవారి సంతకం ఉండాలి. దొంగ సొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్ తెరవడం 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం తప్పు. అది మీదేనని చూపించే కాగితం చేతిలో ఉంటేనే ముందుకు వెళ్లండి.

మొదటి తాళం: బయోస్

స్విచ్ వేయగానే, విండోస్ రాకముందే అడిగేది బయోస్ పాస్‌వర్డ్. డెస్క్‌టాప్‌లో దీన్ని తీయడం తేలికే. కరెంటు వైరు పూర్తిగా పీకి, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెట్టాలి. చాలా బోర్డుల్లో పాస్‌వర్డ్ చెరిగిపోతుంది. పోకపోతే పక్కనే ఉండే చిన్న జంపర్ మార్చాలి. అది ఎక్కడుందో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. తర్వాత తేదీ, టైము మళ్లీ సెట్ చేసుకోవాలి.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. థింక్‌ప్యాడ్ లాంటి వాటిలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ విడిగా ఒక చిప్‌లో ఉంటుంది. బ్యాటరీ తీసినా పోదు. కొనే ముందు షాపులోనే ఆన్ చేసి చూడటం మంచిది.

ఆగండి, ముందు కాపీ

ఇక్కడే చాలామంది తొందరపడతారు. పాత హార్డ్ డిస్క్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. డిస్క్ విప్పి, ఐడీఈ-యూఎస్‌బీ కన్వర్టర్‌తో వేరే కంప్యూటర్‌కు తగిలించి మొత్తం డిస్క్‌కు కాపీ తీయండి. ఆ తర్వాత ఏ ప్రయోగమైనా చేయొచ్చు. డిస్క్‌కే పాస్‌వర్డ్ పెట్టి ఉంటే మాత్రం ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకోదు.

రెండో తాళం: విండోస్

విండోస్ 98 అయితే లాగిన్ దగ్గర ఎస్కేప్ నొక్కితే చాలు. ఎక్స్‌పీ అయితే స్టార్ట్ అయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. అక్కడ అడ్మినిస్ట్రేటర్ అనే ఖాతా కనిపిస్తుంది. చాలా ఇళ్లల్లో, షాపుల్లో దానికి పాస్‌వర్డే పెట్టి ఉండరు. నా మిషన్ అలాగే తెరుచుకుంది.

అప్పటికీ పాత యజమాని ఫోల్డర్ మీద నొక్కితే "యాక్సెస్ డినైడ్" అని వస్తుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, ఓనర్ దగ్గర యాజమాన్యాన్ని అడ్మినిస్ట్రేటర్ పేరు మీదికి మార్చితే తెరుచుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఫైల్ పేర్లు ఆకుపచ్చగా ఉంటే అవి ఎన్‌క్రిప్ట్ చేసినవి. ఆ ఖాతా పాస్‌వర్డ్‌ను బలవంతంగా మార్చితే ఆ ఫైళ్లు మళ్లీ తెరుచుకోకపోవచ్చు.

లోపల ఉన్నది అమానత్

డెస్క్‌టాప్ మీద మొదట కనిపించిన ఫైలు ఒక షాదీ కార్డు. కింద డీటీపీ సెంటర్ ఫోన్ నంబరు ఉంది. చేశాను. ఎత్తింది ఓ పెద్దాయన. షాపు మూసేసినప్పుడు సామానంతా కలిపి అమ్మేశారట. విషయం చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. "మా అన్న రాసిన నాత్‌లు అందులోనే ఉన్నాయి బేటా. ఆయన పోయారు. కాగితాలకేమో చెదలు పట్టింది" అన్నారు.

ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసి చిత్తూరు వెళ్లి ఇచ్చాను. ఫాంట్ల ఫోల్డర్ కూడా కలిపి ఇచ్చాను. ఎందుకంటే ఇన్‌పేజ్ ఫైళ్లు మామూలు వర్డ్‌లో తెరుచుకోవు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు కూడా ఆ ఫాంట్లు లేకపోతే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. మన ఊళ్లలో పాత డీటీపీ సెంటర్ల మిషన్లు కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మిషన్‌కు డబ్బు ఇచ్చాం కాబట్టి మిషన్ మనది. అందులోని ఫొటోలు, ఉత్తరాలు, లెక్కలు మనవి కావు. యజమాని దొరికితే అప్పగించాలి. వెతికినా దొరక్కపోతే ఎవరికీ చూపించకుండా చెరిపేయాలి.

ఇంకొక మాట. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది. ఇలాంటి మిషన్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా వాడుకోండి.

ఆ పెద్దాయన ఫైళ్లన్నీ తెరిచి చూసుకుని, "ఇక ఫార్మాట్ చేసుకో" అన్నాకే నేను ఫార్మాట్ చేశాను.